సుబేదారు గారి నలభై మూడు సంప్రదాయాలు

మా ఇంటి ఓనరు సుబేదారు వీరవెంకటసత్యనారాయణ గారికి తుమ్ము వచ్చినా దాని వెనకాల ఒక రెజిమెంటు చరిత్ర ఉంటుంది. మొదటి తుమ్ము తుమ్మాక ఆగి, ఎడమవైపు తిరిగి రెండోది తుమ్ముతారు. "మా రెజిమెంటులో అంతేనండి. కుడివైపు జెండా ఉంటుంది కదా!" అంటారు. మా వీధిలో ఆయనకి కుడివైపు ఉండేది పక్కింటివాళ్ళ గేదె. ఆయన రిటైరై వచ్చిన పదకొండేళ్ళుగా ఆ గౌరవమంతా గేదే అనుభవిస్తోంది.

ఆ రెజిమెంటు పేరేమిటో నేనిక్కడ రాయను. ఆ పేరు పలికినా, రాసినా లేచి నిలబడాలని ఆయన నియమం. నేను కూర్చుని రాస్తున్నాను. దాని వయసు రెండొందల అరవై ఏళ్ళని మాత్రం చెప్పగలను. సుబేదారు గారు అందులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశారు. వినేవాళ్ళకి మాత్రం మొత్తం రెండొందల అరవై ఏళ్ళూ ఆయనే చేసినట్టు ఉంటుంది.

నా పేరు సారిక. మాది పెద్దాపురం. మూడేళ్ళ కిందట రామచంద్రపురం దగ్గర ఈ ఊరి హైస్కూలుకి హిందీ టీచరుగా వచ్చి, సుబేదారు గారి మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాను. పాలు పొంగించుకుందామని వచ్చిన రోజునే గుమ్మం దగ్గర యుద్ధం మొదలైంది.

"కుడికాలు పెట్టి రామ్మా" అన్నారు ఆయన భార్య సూర్యకాంతమ్మ గారు, హారతి పళ్ళెం పట్టుకుని.

"అలాక్కాదు. ఎడమ!" అన్నారు సుబేదారు గారు. "కవాతు ఎప్పుడూ ఎడమకాలుతోనే మొదలవుద్ది. ఓ యుద్ధంలో మావాడొకడు కుడికాలు ముందు పెట్టాడు. ఆ కోట చేతికి రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది."

"ఏ యుద్ధమండీ?"

"పేరు చెప్పకూడదమ్మా. ఓడిపోయినవాళ్ళు బాధపడతారు."

ఆవిడ కుడి అంటారు, ఈయన ఎడమ అంటారు. చివరికి నేను రెండు కాళ్ళూ జోడించి లోపలికి గెంతాను. చేతిలో పాలగిన్నె సగం ఒలికింది. "బాగుంది! దీన్ని కూడా ఒక పద్ధతి కింద పెట్టుకోవచ్చు" అన్నారు ఆయన సంతోషంగా. ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు.

సూర్యకాంతమ్మ గారు ఆ రెజిమెంటుని సవతి అంటారు. "పెళ్ళైన కొత్తలో నా ఫొటో పర్సులో పెట్టుకోండి అన్నానమ్మా. అందులో ఆల్రెడీ మా బెటాలియన్ ఫొటో ఉంది అన్నారు. ఎనిమిది వందల మంది! ఇంక నాకు చోటెక్కడిది?"

నా గొంతు చిన్నది. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ సంగతి మొదటి పీరియడ్‌లోనే కనిపెట్టేశారు. నేను 'కబీర్' అంటే వెనక బెంచీవాళ్ళు 'ఖబర్దార్' అనేవారు. మూడు రోజులు ఓర్చుకుని, మూడో రోజు సాయంత్రం మేడ మీద కూర్చుని ఏడ్చాను. నాలుగో రోజు పొద్దున్న మెట్లు దిగేసరికి సుబేదారు గారు కోటు తొడుక్కుని, మెడల్స్ అన్నీ తగిలించుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"పదమ్మా. కొత్త ఆఫీసరు పోస్టింగుకి వచ్చిన నాలుగో రోజున సీనియరు తోడెళ్ళి, సెల్యూట్ కొట్టి, జవాన్లని అప్పజెప్పాలి. మా రెజిమెంటు సంప్రదాయం."

"నాలుగో రోజే ఎందుకండీ?"

"మొదటి మూడు రోజులూ శత్రువుని గమనించాలి."

ఎనిమిదో తరగతి గదిలోకి కవాతు చేసుకుంటూ వచ్చి ఆయన నాకు కొట్టిన సెల్యూట్‌కి కిటికీ తలుపు దానంతటదే మూసుకుంది. "ఎవళ్ళనా మీ మాట వినకపోతే నాకు రిపోర్టు పంపండి మేడమ్!" అని అరిచి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి నా క్లాసులో దగ్గాలన్నా పిల్లలు చెయ్యెత్తి అనుమతి అడుగుతున్నారు.

బస్టాపు దగ్గర చెప్పులు కుట్టే చిట్టియ్యకి కూడా రెజిమెంటు బాధ తప్పలేదు. ఊరంతా రబ్బరు చెప్పుల్లోకి మారిపోయాక అతని దగ్గరికి వచ్చేవాళ్ళే తక్కువ. సుబేదారు గారు మాత్రం బుధవారం, శనివారం అద్దంలా మెరుస్తున్న బూట్లు తెచ్చి అతని ముందు పెడతారు.

"సుబేదారు గారండీ, ఇందులో నా మొహం కనబడతంది. ఇంకేం రుద్దనండి?"

"మొహం కనబడితే చాలదయ్యా. మీసంలో ఎన్ని వెంట్రుకలు నెరిసాయో కనబడాలి. మా రెజిమెంటులో రిటైరైనవాడు బుధ, శనివారాల్లో సొంత బూటు ముట్టుకోకూడదు."

ఒక శనివారం సాయంత్రం నేను పెరట్లోకి వెళ్ళేసరికి, ఈయన కొబ్బరిచెట్టు చాటున కూర్చుని చిట్టియ్య పాలిష్ చేసిన బూట్లనే మళ్ళీ పాలిష్ చేసుకుంటున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి, "నాలుగు దాటిందమ్మా. నాలుగు దాటాక ముట్టుకోవచ్చు" అన్నారు.

వీటన్నిటినీ మించింది పాపాయమ్మ మామ్మగారి ఉద్యోగం. మామ్మగారికి డెబ్బై ఆరేళ్ళు. పిల్లల్లేరు. భర్త పోయాక వీధి చివర రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. ఆవిడ సుబేదారు గారింట్లో 'రుచి చూసే అధికారి'. రోజూ పన్నెండున్నరకి చేతికర్ర పట్టుకుని వస్తారు. అరటాకు వేస్తారు. పప్పు, కూర, పులుసు, పచ్చడి, పెరుగు, చివర్న ఒక చక్రకేళీ. ఆవిడ తింటున్నంతసేపూ సుబేదారు గారు చేతులు తొడలకి ఆనించి అటెన్షన్‌లో నిలబడతారు. మామ్మగారు చెయ్యి కడుక్కుని రిపోర్టు ఇస్తారు.

"పప్పులో ఉప్పు తగ్గింది. వంకాయ ముదురు. పెరుగు పర్లేదు."

"ఆయ్!" అంటారు సుబేదారు గారు. అప్పుడు గానీ తను భోజనానికి కూర్చోరు.

"ఒకప్పుడు మా రెజిమెంటు వంటశాలలో శత్రువు విషం కలిపాడమ్మా" అని నాకు వివరించారు. "అప్పట్నించీ ఊళ్ళో పెద్దవాళ్ళు ముందు తింటే తప్ప సిపాయి ముద్ద ముట్టడు."

"మరి విషం ఉంటే మామ్మగారు పోతారు కదండీ?"

"వీరమరణం" అన్నారు మామ్మగారు, త్రేనుస్తూ.

ఆ హోదా అంటే ఆవిడకి అంత గౌరవం. ఒకసారి జ్వరం వస్తే నన్ను పిలిపించి సెలవుచీటీ రాయించారు. సుబేదారు గారు ఆ చీటీ చదివి, సంతకం పెట్టి, వెంటనే క్యారేజీ పట్టుకుని ఆవిడ మంచం దగ్గరికే వెళ్ళి తనిఖీ జరిపించుకొచ్చారు.

ఇలా ఉండగా, మా హెడ్మాస్టరు రమేష్ బాబు గారికి ఒక ఆలోచన వచ్చింది. "సారిక గారూ, స్కూలు వార్షికోత్సవ సంచికకి సుబేదారు గారి రెజిమెంటు చరిత్ర మీరు రాసెయ్యండి. సంప్రదాయాలన్నీ ఒక్కటి వదలొద్దు. పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది."

నేనో నోటుపుస్తకం కొని, మూడేళ్ళుగా విన్నవన్నీ నంబర్లు వేసి రాశాను. నలభై రెండు తేలాయి. ఆ మాట చెబితే సుబేదారు గారి మొహం అదోలా అయిపోయింది.

"చరిత్ర నోటితోనే చెప్పాలమ్మా. కాగితం మీద పెట్టకూడదు. మా రెజిమెంటులో..."

"ఉండండి, అది నలభై మూడోది" అని రాసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. తప్పులుంటే దిద్దుతారు కదా అని, నలభై మూడింటినీ చక్కటి హిందీలోకి మార్చి, కింద నా పేరు, ఫోన్ నంబరు పెట్టి, ఆ రెజిమెంటు ఆఫీసుకి మెయిల్ చేశాను. నెల తిరక్కుండా ఒక కల్నల్ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పనిమీద కాకినాడ వస్తున్నారట. శనివారం పదకొండింటికి మా స్కూలుకి వచ్చి, ఇన్ని సంప్రదాయాలు గుర్తుపెట్టుకున్న సుబేదారు గారిని స్వయంగా చూసి వెళ్తారట.

రమేష్ బాబు గారు ఎగిరి గంతేసి షామియానా, మైకు, ఫ్లెక్సీ అన్నీ మాట్లాడేశారు. నేను పరిగెత్తుకుంటూ వచ్చి సుబేదారు గారికి చెప్పాను. ఆయన చేతిలో టీ గ్లాసు జారి కిందపడింది.

"ఎవర్నడిగి పంపించావమ్మా?" అన్నారు. ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. వెంటనే, "నీ తప్పేం లేదులే" అని లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత రెండు రోజులు ఆయన నోట రెజిమెంటు మాటే లేదు. తుమ్ములు కూడా అందరిలాగే తుమ్మారు. సూర్యకాంతమ్మ గారు కంగారుపడి డాక్టర్ని పిలుద్దామన్నారు.

శుక్రవారం సాయంత్రం నేను స్కూలు నుంచి రాగానే ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, నేల చూస్తూ చెప్పారు.

"అమ్మా, ఆ నలభై మూడిట్లో మా రెజిమెంటువి పదకొండే."

"మిగతావో?"

"అవసరాన్ని బట్టి వచ్చినయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా పేరు పెట్టి, నా నంబరు పెట్టి మిలటరీకి అబద్ధాలు పంపించానా? రేపు ఊరందరి ముందూ ఆయన అవి చదివి నవ్వితే మీ పరువేం కాను? నా పరువేం కాను?"

"నా పరువుదేముందమ్మా, నవ్వుతారు, ఊరుకుంటారు. పాపాయమ్మ గారు ముందు వరసలో కూర్చుంటారు. అదీ నా భయం."

నాకు అర్థం కాలేదు. సూర్యకాంతమ్మ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఐదేళ్ళ కిందట వాళ్ళాయన పోయాక మామ్మగారు ఉపవాసాలు మొదలెట్టారమ్మా. సోమవారం శివుడికన్నారు. మంగళవారం ఆంజనేయస్వామికి. శనివారం వెంకటేశ్వరుడికి. ఆదివారం సూర్యుడికన్నారు. వారంలో రోజులైపోయాయి గానీ ఆవిడ ఉపవాసాలైపోలేదు. ఓ రోజు కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. అప్పుడు గానీ మాకు తట్టలేదు, ఇంట్లో పొయ్యి వెలగట్లేదని. నేను క్యారేజీ పంపిస్తే తిప్పి పంపేశారు. 'నేనేం ముష్టిదాన్నా సూర్యకాంతం?' అని అడిగారు. ఆ మర్నాడే ఈయనకి శత్రువు విషం కలిపిన సంగతి గుర్తొచ్చింది."

సుబేదారు గారు ఇంకా నేలే చూస్తున్నారు. "ఇది ఉత్తుత్తి ఉద్యోగమని తెలిస్తే ఆవిడ మళ్ళీ మా గడప తొక్కదమ్మా."

నేను మేడ మీదకి వెళ్ళి నోటుపుస్తకం తెరిచాను. తొమ్మిదోది చదివితే చిట్టియ్య మొహం కనబడింది. పన్నెండోది, ఇరవయ్యోది, ఏది చదివినా ఊళ్ళో ఎవరో ఒకరి మొహమే. పదిహేడోది, 'కొత్త ఆఫీసరు పోస్టింగుకి వచ్చిన నాలుగో రోజున.' అది ఆ పదకొండిట్లో ఉందా అని అడుగుదామని రెండు మెట్లు దిగి ఆగిపోయాను. అడగక్కర్లేదు.

వెంటనే కల్నల్ గారికి ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. కలవలేదు. ఆఖరికి కిందకి దిగి సుబేదారు గారికి ధైర్యం చెప్పాను. "ఏం భయపడకండి. ఆయన మాట్లాడేది హిందీలో. ఊళ్ళోవాళ్ళకి వినబడేది నా తెలుగు. మధ్యలో ఉన్నది నేను."

శనివారం కల్నల్ గారు చెప్పిన టైముకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా దిగారు. సన్నగా, పొడుగ్గా, మీసాలు నెరిసి ఉన్నారు. సుబేదారు గారు సెల్యూట్ కొడితే ఆయన తిరిగి సెల్యూట్ కొట్టి, దగ్గరికొచ్చి కౌగిలించుకున్నారు. వేదిక మీద ఆయన హిందీలో మాట్లాడుతుంటే నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. రెజిమెంటు పుట్టుక, పాత యుద్ధాలు, జెండా గురించి చెప్పినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఇంక గండం గడిచిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడు గంజి పెట్టిన చీరలో పాపాయమ్మ మామ్మగారు కర్ర ఊతంగా లేచారు.

"అయ్యా, ఆఫీసరు గారూ! నేను ఈ ఊళ్ళో రుచి చూసే అధికారినండి. ఐదేళ్ళ సర్వీసు. నా హోదా ఏంటో మీ పుస్తకాల్లో రాసుందా అండి?"

"ఈ పెద్దావిడ మిమ్మల్ని ఆశీర్వదిస్తున్నారు" అని నేను కల్నల్ గారికి హిందీలో చెప్పాను.

ఆయన నా వైపు ఒకసారి చూశారు. "భోజనానికి ముందు ఆఫీసరు రుచి చూడడం మా దగ్గర ఉంది. అయితే ఒక్క చెంచా మాత్రమే" అన్నారు హిందీలో. ఆశీర్వాదానికి ఈ జవాబేంటని నేను ఆలోచించే స్థితిలో లేను.

"రుచి చూడడం చాలా పెద్ద బాధ్యత, నిండు విస్తరి తిని చూడాలి అంటున్నారండి!" అని మైకులో అరిచాను. నా గొంతులో అంత శబ్దం ఉందని నాకే తెలీదు. జనం చప్పట్లు కొట్టారు.

కల్నల్ గారు మైకు దగ్గరికి వంగారు.

"టీచరు గారూ, నేను అలా అన్లేదండీ" అన్నారు. శుభ్రమైన తెలుగులో.

చప్పట్లు ఆగిపోయాయి.

"పాతికేళ్ళు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఉన్నానండి. ఆఫీసరు తన జవాన్ల భాష నేర్చుకోవాలి. అది మా సంప్రదాయం."

"అది నిజమైనదేనమ్మా, నాలుగోది" అని సుబేదారు గారు నా వెనకనుంచి గొణిగారు. అంతటి ప్రమాదంలో కూడా ఆయన ఊరుకోలేకపోయారు.

"అయితే మీరేమన్నారండి?" అంది మామ్మగారి గొంతు. ఆ గొంతులో చిన్న అనుమానం తొంగి చూసింది.

కల్నల్ గారు సుబేదారు గారి వైపు తిరిగారు. తన మీద నేరం రుజువు కాబోతున్న మనిషి ఆఫీసరు మొహం చూడాలి. సుబేదారు గారు పాపాయమ్మ గారి మొహమే చూస్తున్నారు. కల్నల్ గారు ఆ చూపు పట్టుకుని మామ్మగారి దాకా వెళ్ళారు. సన్నటి మణికట్టు, బాగు చేయించిన కళ్ళజోడు, ఇస్త్రీ మడత నలగని చీర. ఎంతసేపు చూశారో గానీ నాకు మాత్రం ఒక పీరియడ్ గడిచినట్టనిపించింది.

"నేను ఒక్క చెంచా అన్నానండి" అన్నారు మెల్లగా. "అది ఆఫీసర్ల లెక్క. మాకు నాలుకలు సరిగ్గా పనిచెయ్యవు, ఎంత తిన్నా ఒకటే. మీలాంటి పెద్దవాళ్ళకి చెంచాతో ఏం తెలుస్తుంది? పప్పుతో మొదలుపెట్టి పెరుగన్నం దాకా పూర్తిగా తనిఖీ చెయ్యాల్సిందే. ఒక్క రోజు కూడా మానడానికి వీల్లేదు. ఇది ఆర్డరు." అని మడమలు జోడించి మామ్మగారికి సెల్యూట్ కొట్టారు.

మామ్మగారు కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో తిరిగి సెల్యూట్ కొట్టారు. "మాననండి. ఆ వంకాయల సంగతి మాత్రం మీరు పైవాళ్ళకి రాయాలి."

"ఈరోజే రాస్తానండి."

ఆ మధ్యాహ్నం కల్నల్ గారు సుబేదారు గారింట్లోనే భోంచేశారు. మామ్మగారు మొత్తం తిని, పులుసులో బెల్లం ఎక్కువైందని తేల్చేదాకా, ఆయన కూడా సుబేదారు గారి పక్కన అటెన్షన్‌లో నిలబడ్డారు. సూర్యకాంతమ్మ గారు వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

వెళ్ళేముందు కల్నల్ గారు నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. నిలబడే పేజీలు తిప్పారు. "సుబేదార్ సాబ్, ఇందులో మనవి పదకొండే ఉన్నాయి."

సుబేదారు గారు తల దించుకున్నారు. "తప్పైపోయింది సర్. రెజిమెంటు పేరు వాడుకున్నాను. ఏ శిక్ష వేసినా పడతాను."

"ఈ పుస్తకం నేను పట్టుకుపోతున్నాను. అదే శిక్ష. మిగతా ముప్పై రెండూ మన కుర్రాళ్ళకి చదివి వినిపిస్తాను." కల్నల్ గారు పుస్తకం చంకలో పెట్టుకున్నారు. "ఆ పదకొండు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డాయా సాబ్? ఎప్పుడో ఎవరో ఒక సుబేదారు పెట్టినవే అయ్యుంటాయి."

జీపు కాలవ గట్టు మలుపు తిరిగిపోయింది. సుబేదారు గారు మాత్రం చెయ్యి నుదుటి దగ్గర్నుంచి దించలేదు. ఏమైనా అంటారేమోనని నేనూ, సూర్యకాంతమ్మ గారూ ఎదురుచూశాం. రెండొందల అరవై ఏళ్ళలో మొదటిసారి ఆయనకి చెప్పడానికి మాట దొరకలేదు.

మర్నాడు మామ్మగారు పన్నెండింటికే వచ్చేశారు. కర్ర నేలకేసి టకటకమని కొట్టి అందర్నీ పిలిచారు.

"రాత్రంతా ఆలోచించానయ్యా. కల్నల్ గారు పూర్తిగా తనిఖీ చెయ్యమన్నారు. మధ్యాహ్నం ఒక్కపూట చూసిపోతే అది పూర్తెలా అవుద్ది? ఇకనించీ రాత్రి వంట కూడా చూస్తాను. నాకేం శ్రమ లేదులే. దేశం కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

సుబేదారు గారు నిటారుగా నిలబడ్డారు. "ఆయ్!"

సూర్యకాంతమ్మ గారు వంటింట్లోంచి తొంగి చూశారు. "మామ్మగారూ, రాత్రికి అన్నం చెయ్యమంటారా, చపాతీ చెయ్యమంటారా?"

మామ్మగారు పీటమీద సర్దుకుని కూర్చుని, కాసేపు లోతుగా ఆలోచించారు.

"రెండూ చెయ్యి సూర్యకాంతం. ఏది బాగుందో తిని చెబుతాను."